అప్పుల రద్దు, ధరల హెచ్చు

అప్పులు రద్దుచేసినచో ధరలు పెరుగునను మాట మన యిండ్లలో నిప్పుడు తరచుగ వినవచ్చుచున్నది. మొదట నిది రైతుల ఋణమాఫీని గూర్చి పుట్టిన మాట. తరువాత విద్యార్థుల యప్పులకును సంక్రమించినది. 2022 ఆగష్టులో అమెరికా అధ్యక్షుడు బైడెన్, చదువుకొరకు ప్రభుత్వమునకు బాకీపడినవారికి తలకు 10,000 డాలర్ల వరకును, బీదకుటుంబముల పిల్లలకిచ్చు పెల్ గ్రాంటు పొందినవారికి 20,000 డాలర్ల వరకును రద్దుచేయుదునని ప్రకటించెను. ఆ దేశపు అర్థశాస్త్రజ్ఞులు వెంటనే రెండు పక్షములైరి. జేసన్ ఫర్మన్ మొదలగువారు ధరలు మండుచున్న వేళ నిది తగదనిరి. జోసెఫ్ స్టిగ్లిట్జ్ మొదలగువారు దీనివలన ధరలకు వచ్చు ముప్పు లేదనిరి. 2023 జూన్ 30న అచ్చటి సుప్రీం కోర్టు ఆ పథకమును కొట్టివేసెను. వాదము తేలకుండగనే నిలిచిపోయినది.

ఈ వాదముతో షాద్‌నగరమునకేమి పని యని చదువరు లడుగవచ్చును. హైదరాబాదునకు దక్షిణముగ కర్నూలు బాటమీదనున్న యీ పట్టణమునుండియు, చుట్టుపట్ల గ్రామములనుండియు చదువునకై అమెరికా పోయిన పిల్లలు గలరు. బైడెన్ ప్రకటన వెలువడినప్పుడు తమ బిడ్డ యప్పుకూడ పోవునని యాశపడిన తల్లిదండ్రులుండిరి. అది పొరపాటు. అమెరికా ప్రభుత్వపు ఋణము ఆ దేశపు పౌరులకును, అచ్చట స్థిరనివాసపు హక్కు పొందినవారికిని మాత్రమే సామాన్యముగ దొరకును. మన పిల్లల యప్పు మన బ్యాంకులలోనే, మన రూపాయలలోనే యుండును. ఆ పథకము నిలిచినను మనకు చిల్లిగవ్వ దక్కకుండెడిది. కాని ప్రశ్న మాత్రము మనదే. అప్పులు రద్దగుటను అమెరికావారు చూచినదానికంటె మన పాలమూరు సీమవారు హెచ్చుగ చూచియున్నారు. తొంబది సంవత్సరములలో చట్టముచేతనో, ప్రభుత్వధనముచేతనో ఇచ్చట అయిదారు మారులు అప్పులు కొట్టివేయబడినవి. పరీక్ష మన పెరటిలోనే జరిగియుండగా ఫలితమునకై సముద్రములవైపు చూడనేల?

షాద్‌నగరమున్న మండలమునకు నేటికిని ఫరూఖ్‌నగరనియే పేరు. నిజాము ప్రధానమంత్రిగ నుండిన మహారాజా కిషన్ ప్రసాదు 'షాద్' అను కలముపేరుతో ఉర్దూకవిత్వము చెప్పెడివాడు. ఆ పేరే పట్టణమునకు వచ్చినదని చెప్పుదురు. 1936లో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ అయిదవ సమావేశము ఇచ్చటనే కొండా వెంకట రంగారెడ్డిగారి యధ్యక్షతన జరిగెను. (వారి పేర 1978లో నొక జిల్లా యేర్పడినది. 2016లో జిల్లాలు మార్చినప్పుడు షాద్‌నగరము మహబూబ్‌నగరు జిల్లాను విడిచి ఆ జిల్లాలోనే చేరినది. చరిత్ర యొక్కొక్కప్పుడిట్టి వేడుక చేయుచుండును.) ఆ కాలపు మహాసభల తీర్మానములను చూచినచో రెండు కోరికలు మరల మరల కనబడును: వెట్టిచాకిరి పోవలెను, మాతృభాషలో చదువు రావలెను. ఆ రెంటి నడుమ అప్పు అను మూడవ వస్తువొకటి యున్నది. మేమిప్పుడు చెప్పబోవునది దానిని గూర్చియే.

అదే 1936వ సంవత్సరమున నిజాము ప్రభుత్వము భగేలా యొప్పందములను గూర్చి యొక శాసనమును గావించెను. పెండ్లికో, చావుకో, కరవుకో కొంత సొమ్ము తీసికొని, అది తీరువరకు నీ పొలమున పనిచేయుదునని కాగితముమీద వేలిముద్ర వేసినవాడు భగేలా. ఊళ్లలో వానిని జీతగాడనిరి. పేరునకు జీతమున్నను చేతికి వచ్చునది గింజలు, గొంగడి, చెప్పులజత. వాని పని వడ్డీక్రింద చెల్లిపోవును. అసలు మాత్రము తీసికొన్ననాడెంత యుండెనో అంతయే యుండును. తండ్రి చనిపోయినచో కొడుకు ఆ పొలమునకు వచ్చును. శాసనము ఇట్టి యొప్పందములకు కాలపరిమితి పెట్టి, దానిని మించినవి చెల్లవనెను. కాని గ్రామమున ఫిర్యాదు వినవలసినవారును, జీతగాండ్రను పెట్టుకొన్నవారును తరచుగ నొకే యింటివారగుటచే శాసనము కాగితముమీదనే చాలకాలము నిలిచిపోయెను.

ఆ శాసనము చక్కగ అమలైనదనియే యనుకొందము. ఒక గ్రామమున నూరుగురు జీతగాండ్ర యప్పులు ఒక్కనాడు రద్దైనవి. ఆ దినమున బియ్యపు ధర ఏల పెరుగవలెను? ఆ అప్పు ఏనాడును రూపాయలలో తీర్చబడుచుండలేదు. జీతగాని చేతిలో మిగులుటకు కంతు సొమ్మేదియు లేదు. ఊరిలో ఒక్క రూపాయి హెచ్చలేదు, ఒక్క గింజ తగ్గలేదు. మారినది ఒక్కటే: మరుసటి నాగటిచాలునాడు దొర వానిని పిలువవలెనన్న కూలి చెప్పవలెను, వాడు చాలదని యనవచ్చును. కావున అప్పుల రద్దుచే పెరుగు ధర యొకటి నిజముగ కలదు. అది మనుష్యుని పనికి ధర. ఋణవిమోచనమును వ్యతిరేకించినవారు కూలి పెరుగునని యనరు, లోకమున ధరలు పెరుగునని యందురు. రెండు మాటలకు నడుమనున్న దూరమును చదువరులు గమనింపవలెను.

జీతగాని యప్పు కాక, చిన్నరైతు నప్పు మరియొకటి యుండెను. దానిని తెలంగాణమున నాగు అనిరి. విత్తులకాలమున గింజలు తీసికొని కోతకాలమున ఒకటికి ఒకటిన్నరగ కొలుచుట నాగు. ఆరు నెలలకు నూటికి ఏబది వడ్డీ యన్నమాట. ఇది రూపాయల యప్పు కాదు, గింజల యప్పు. ఈ భేదము చిన్నదిగ తోచవచ్చును గాని, తరువాత పదేండ్లలో ఎవరు బ్రతికిరి, ఎవరు మునిగిరి యన్నది దీనివలననే తేలినది.

1929 తరువాత ప్రపంచమున వ్యాపారమాంద్యము వచ్చి నాలుగైదేండ్లలో పంటల ధరలు సుమారు సగమునకు పడిపోయెను. నూరు రూపాయలు బాకీయున్న రైతు పది బస్తాలమ్మి తీర్చవలసినదానిని ఇరువది బస్తాలమ్మి తీర్చవలసివచ్చెను. కాగితముమీద నంకె మారలేదు, అప్పు రెట్టింపైనది. అప్పిచ్చినవాడు ఏ నేరమును చేయలేదు, ఏ శ్రమయు పడలేదు, ఆస్తి రెట్టింపైనది. దీనినెవ్వరును అధర్మమనలేదు. ప్రక్కనున్న మద్రాసు రాజధానిలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసినప్పుడు మాత్రము అధర్మమని పెద్దకేకలు లేచెను. 1932 అక్టోబరునకు ముందు చేసిన అప్పులమీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీయంతయు ఆ చట్టముచే కొట్టివేయబడెను. అసలునకు రెండింతలు అప్పటికే చెల్లించియున్నవాడు పూర్తిగ విముక్తుడయ్యెను. ఇందు వింత యేమియు లేదు. పెరిగిన వడ్డీ అసలును మించరాదనుట మన ధర్మశాస్త్రములలోని పాతమాటయే. ధర్మశాస్త్రమును మనుగుడుపు పెండ్లిపద్దతులకు తెచ్చువారు వడ్డీలెక్కకుమాత్రము తేరు.

ఆ చట్టమువలన 1938లో ధరలు పెరిగినవా? పెరుగలేదు. ఆ యేడు లోకమంతట వ్యాపారము మరల మందగించుటచే కొంత తగ్గినవి కూడను. చట్టముపై వచ్చిన నిజమైన ఫిర్యాదు వేరు: షాహుకారు క్రొత్తయప్పు ఇచ్చుటకు జంకుచున్నాడని. అనగా బజారులో సొమ్ము పెరుగుట కాదు, తగ్గుట.

ధరలు పెరిగినది యుద్ధములో. 1939లో హిందూదేశమున చెలామణిలోనున్న నోట్లు సుమారు 180 కోట్ల రూపాయలవి; 1945 నాటికి అవి వేయి కోట్లను మించినవి. యుద్ధపు ఖర్చునకై నోట్లచ్చువేసిరి. వస్తువులు సైన్యమునకు పోయినవి. టోకుధరలు రెండింతలకు మించినవి. నిజాము రాజ్యమునకు వేరు నాణెము, హాలీ సిక్కా, ఉండినను, దాని మారకము ఏడింటికి ఆరు ఇంగ్లీషు రూపాయల లెక్కకు కట్టుబడియుండుటచే ఆ వేడి యిచ్చటికిని తగిలెను. అప్పుడేమైనదో చూడుడు. మద్రాసు ప్రభుత్వము బి. వి. నారాయణస్వామి నాయుడుగారిచే 1945-46లో గ్రామఋణములపై విచారణ చేయించెను. 1939 నుండి 1945 వరకు గ్రామములలోని మొత్తపు అప్పు సుమారు అయిదవవంతు తగ్గినదని తేలెను. తగ్గినది ప్రధానముగ అమ్ముకొనుటకు పంటయున్న పెద్దరైతులది. భూమిలేని కూలీల యప్పు తగ్గకపోగా పెరిగినది. ఏలయనగా పెద్దరైతు ధాన్యమమ్మి పాతరూపాయలు తీర్చెను. కూలివాడు హెచ్చుధరకు ధాన్యము కొనుటకై క్రొత్తరూపాయలు తెచ్చెను. నాగు తెచ్చినవాని గింజలయప్పునకు ఆ యుద్ధముచే ఏమియు తగ్గలేదు. ఒకటికి ఒకటిన్నర ఎప్పుడును ఒకటిన్నరయే.

కనుక మన చరిత్రలో కారణకార్యములు తలక్రిందులుగ నున్నవి. అప్పుల రద్దు ధరలను పెంచినదని చూపుటకంటె, ధరల పెరుగుదలయే అప్పులను రద్దుచేసినదని చూపుట సులభము. ఆ రద్దు ఎవరికి కావలెనో వారిని చూచి చేసినది కాదు. చట్టమైనచో ఎవరి యప్పు, ఎంత, ఎప్పటిది యని విచారించును. 1943లో నోట్లయంత్రమెవ్వరిని విచారింపలేదు. దానివలన లాభించినవారు తరువాత చట్టసభలలో ఋణవిమోచనమునకు ఎదురుమాటాడుట మేమొక విడ్డూరముగ భావింతుము.

రెండవ పరీక్ష 1975లో వచ్చెను. ఆ యేడు అక్టోబరులో వెట్టిపనివిధానమును రద్దుచేయు ఆర్డినెన్సును కేంద్రప్రభుత్వము జారీచేసెను. 1976 ఫిబ్రవరిలో అది చట్టమయ్యెను. చాకిరికి కట్టిపడవేయు ప్రతి అప్పును దేశమంతట ఒక్క వాక్యముతో చెల్లనిదాయెను. తోడుగ రాష్ట్రములు షాహుకార్ల యప్పులపై చట్టములు చేసెను. మన ఆంధ్రప్రదేశమున చిన్నరైతులకు, వ్యవసాయకూలీలకు, గ్రామవృత్తులవారికి విముక్తినిచ్చు చట్టము 1977లో వచ్చెను. అప్పులరద్దు ధరలను పెంచునన్న సిద్ధాంతము నిజమే యైనచో ఆ సంవత్సరములలో ధరలు మండవలెను. జరిగినదేమి? 1974-75లో టోకుధరలు నూటికి 25 చొప్పున పెరిగియుండెను. 1975-76లో అవి పెరుగుట మాని, నూటికొకటి చొప్పున తగ్గెను. రద్దువలన తగ్గినవని మేమనము. 1975లో వానలు బాగుగ కురిసెను. అంతకుముందేడే ప్రభుత్వము ఉద్యోగులకు క్రొత్తగ పెరిగిన కరవుభత్యములో సగమును నిర్బంధడిపాజిటుగ పట్టి బజారులో సొమ్మును బిగించెను. ధరలను నడుపునవి అవి. షాహుకారి బీరువాలో చింపబడిన కాగితము కాదు.

ఇచ్చట లెక్క కొంచెము విప్పి చెప్పుట మంచిది. అప్పు తీసికొన్న సొమ్ము తీసికొన్ననాడే ఖర్చైపోయినది. రైతు విత్తనములు, ఎరువు కొనెను; విద్యార్థి ఫీజు కట్టెను; ఆ సొమ్ము ఉపాధ్యాయుని జీతమై, కిరాణాకొట్టు బాకీయై లోకములో కలిసిపోయెను. ధరలమీద దాని బరువు పడవలసియుండినచో ఆనాడే పడెను. రద్దైననాడు బజారునకు వచ్చునది మొత్తము అప్పు కాదు, ఇకమీద కట్టనక్కరలేని కంతు మాత్రమే. నాలుగు లక్షల విద్యాఋణము నూటికి పది వడ్డీపై పదేండ్లలో తీర్చు యువతికి నెలకు సుమారు 5,300 రూపాయల కంతు పడును. రద్దైనచో ఆమె చేతిలో నాలుగు లక్షలు పడవు. నెలకు 5,300 మిగులును. అందులో కొంత తినును, కొంత దాచును. అసలే కంతు కట్టలేక మానుకొన్నవానికి ఆ 5,300 కూడ మిగులవు. లేనిది మిగులుటెట్లు?

ఇక రెండవ ప్రక్క చూడవలెను: నష్టము ఎవరు భరించిరి? షాహుకారే భరించినచో, 1938లోను 1977లోను జరిగినట్లు, ఒకని చేతికి మిగిలినది మరియొకని చేతినుండి పోయినది. లోకమున సొమ్ము పెరుగదు. ప్రభుత్వము పన్నులనుండి బ్యాంకునకు చెల్లించినను అంతే. క్రొత్తనోట్లచ్చువేసి చెల్లించినప్పుడే ధరలకు భయము. కావున అడుగవలసిన ప్రశ్న అప్పు రద్దైనదా యని కాదు, రద్దునకు సొమ్ము ఎచ్చటినుండి వచ్చెనని.

ఈ గీటురాతిమీద 1990వ సంవత్సరపు మాఫీ కొంత మసకగ కనబడును. విశ్వనాథ ప్రతాప సింగు ప్రభుత్వము తలకు 10,000 రూపాయలవరకు వ్యవసాయఋణములను రద్దుచేసెను. ఆ కాలమున కేంద్రప్రభుత్వము తన లోటును రిజర్వు బ్యాంకునుండి తాత్కాలిక ట్రెజరీ బిల్లులపై సులువుగ తెచ్చుకొనుచుండెను. ఆ పద్ధతి 1997లో గాని పోలేదు. 1991లో ధరలు పదిశాతమును మించి పెరిగెను. దానికి ప్రధానకారణములు గల్ఫు యుద్ధపు చమురుధర, విదేశీమారకద్రవ్యపు సంక్షోభము, రూపాయి విలువ తగ్గింపు. అయినను ఖజానా చిల్లుపడియున్నప్పుడు చేసిన మాఫీ ఆ లోటునకు తన వంతు చేర్చెననువారి మాటను మేము త్రోసివేయము.

2008 నాటికి పద్ధతి మారినది. 2006 ఏప్రిలు నుండి రిజర్వు బ్యాంకు ప్రభుత్వపత్రములను నేరుగ కొనరాదని చట్టము కట్టడిచేసెను. 2008 ఫిబ్రవరి 29న చిదంబరముగారు బడ్జెట్టులో ప్రకటించిన మాఫీ మొదట 60,000 కోట్లు, తరువాత 71,000 కోట్లకు పైబడిన యంచనా. చివరకైన ఖర్చు సుమారు 52,000 కోట్లు. ఆ యాగష్టులో టోకుధరల పెరుగుదల నూటికి పదుమూడింటిని తాకబోయెను. మాఫీయే కారణమని పలువురనిరి. ఆ జూలైలోనే పెట్రోలు ముడిచమురు పీపా 147 డాలర్లకు పోయినదని వారు చెప్పలేదు. మాఫీ సొమ్ము బ్యాంకులకు కొన్ని సంవత్సరముల కంతులలో చేరుచుండగనే, 2009 జూన్ నాటికి టోకుధరల పెరుగుదల సున్నకు దిగువకు దిగెను. అటుపిమ్మట ఆహారపుధరలు మరల పెరిగిన మాట నిజము; ఆ యేటి కరవు 1972 తరువాత అంతటిది లేదు.

ఆ మాఫీలో పాలమూరు పొందిన అన్యాయము ధరలది కాదు, కొలతది. రెండు హెక్టారులలోపు భూమిగలవానికే పూర్తిమాఫీ. కృష్ణాడెల్టాలో అయిదెకరముల మాగాణి కలవాడు సంపన్నుడు. షాద్‌నగరు, కల్వకుర్తి ప్రాంతమున పదెకరముల చెలక కలవాడు వాన రాకున్న వలసపోవును. మొదటివాడు చిన్నరైతు, రెండవవాడు పెద్దరైతు! గోలపుట్టిన తరువాత కరవుపీడిత జిల్లాల పెద్దరైతులకు 20,000 రూపాయల కనీసపు తగ్గింపును చేర్చిరి. ఇదికాక బ్యాంకు ఋణము లేని కౌలుదారునకును, షాహుకారునొద్ద తెచ్చినవానికిని ఈ మాఫీలో ఏమియు రాలేదు. బ్యాంకు గడప త్రొక్కనివానికి బ్యాంకు మాఫీ యేమి చేయును? గుజరాతులో ఈ మాఫీ ఫలితములను పరిశోధించిన మార్టిన్ కాంజ్, మాఫీ పొందిన కుటుంబముల పెట్టుబడులు పెరుగలేదనియు, అటుతరువాత వారు బయటి యప్పులపై మరింత ఆధారపడిరనియు తేల్చెను. మాఫీపై నిజమైన విమర్శ యిది. బియ్యపుధరను గూర్చిన భయముతో నీ విమర్శ మరుగునపడుచున్నది.

తెలంగాణ మేర్పడిన 2014లో లక్ష రూపాయలవరకు మాఫీని నాలుగు వార్షిక వాయిదాలలో చేసిరి. వాయిదాలనడుమ వడ్డీ పెరిగెను, బ్యాంకులు క్రొత్తఋణము నిలిపెను, రైతు మరల షాహుకారునొద్దకే పోయెను. ధరలు పెరుగుట మాట యటుంచి, 2017 జూన్‌లో దేశమున చిల్లరధరల పెరుగుదల నూటికి ఒకటిన్నరకు పడిపోయెను. ఆ సంవత్సరమే ఏప్రిలులో రిజర్వు బ్యాంకు గవర్నరు ఊర్జిత్ పటేలు, మాఫీలు ఋణము తీర్చు నియమమును చెరుచునని హెచ్చరించెను. నియమమును గూర్చి యాయన చెప్పినది ఆలోచింపదగినది. 2024లో రెండు లక్షలవరకు జరిగిన మాఫీ వాయిదాలు లేక కొద్ది నెలలలో ముగిసెను. జూలై 18న మొదలై నవంబరు 30న మహబూబ్‌నగరు సభలో ప్రకటించిన నాలుగవవిడతతో 25 లక్షలకు పైబడిన రైతులకు 20,000 కోట్లకు మించి చేరెను. ఒక్క రాష్ట్రమున, ఒక్క యేట. పెరుగవలసినచో ఇచ్చటనే, ఇప్పుడే పెరుగవలెను. 2025 జూన్‌లో తెలంగాణపు చిల్లరధరల పెరుగుదల సున్నకు దిగువనుండెను. పెద్దమాఫీ యేదియు లేని 2022లో మాత్రము దేశపు సగటును మించియుండెను. మాఫీ ధరలను తగ్గించునని దీనినిబట్టి యెవ్వరును చెప్పరాదు. ఒక దానికొకటి సంబంధింపని రెండు వస్తువులను ముడిపెట్టుచున్నారని మాత్రము చెప్పవచ్చును.

చదువుల యప్పునకు వత్తము. రైతుల యప్పునుగూర్చి చెప్పినదంతయు దీనికిని వర్తించును. ఒక్కచోట మాత్రము వర్తింపదు. మాఫీ జరిగినంతమాత్రమున నాగలిధర పెరుగదు. కాని పిల్లల యప్పు ప్రభుత్వమెట్లైనను తీర్చునని తెలిసినచో కళాశాల తన ఫీజును పెంచవచ్చును. 1987లో అమెరికా విద్యామంత్రి విలియం బెన్నెట్టు ఈ యనుమానమునే బయటపెట్టెను. నేటికిని దానిపై పరిశోధకులు ఏకాభిప్రాయమునకు రాలేదు. మనదేశమున 2008లో ఉమ్మడిరాష్ట్రము ఫీజుల చెల్లింపు పథకమును విస్తరించిన తరువాత రెండు మూడేండ్లలో ఇంజనీరింగు కళాశాలలు ఏడువందలవరకు పెరిగెను. బీదపిల్లలు వేలకొలది చదివిరి. దానిని మేము తక్కువచేయము. చదువు పేరుతో గోడలు మాత్రమే కట్టినవారును ఉండిరి. కావున విద్యాఋణములను రద్దుచేయదలచినవారు కాపాడవలసినది బియ్యపుధరను కాదు, ఫీజును. ఫీజునకు కట్టడిలేని రద్దు నేటి విద్యార్థికి మేలు, రేపటివానికి భారము.

పెరుగు ధర రెండవదియు కలదు. జీతగాని విషయమున మేము చెప్పినదే యిది. అప్పుతో పట్టభద్రుడైనవాడు దొరికిన మొదటి కొలువును దొరికిన జీతమునకు పట్టుకొనును, కంతు ఆగదు. అప్పులేనివాడు ఆరు నెలలు వేచి, తన చదువునకు తగిన పని వెదకుకొనగలడు. వాని జీతము పెరుగుటను ధరల పెరుగుదల యని పిలువదలచినవారు పిలువవచ్చును. మేము పిలువము.

విద్యాఋణపు నియమములలో, చదువు ముగిసి కొంతకాలము గడచువరకు కంతు కట్టనక్కరలేదు గాని, వడ్డీ మాత్రము సొమ్ము చేతికందిననాటినుండియే లెక్కకు వచ్చును. దేశములో సాంకేతిక, వృత్తివిద్యలు చదువు పిల్లలకు, ఏటి యాదాయము నాలుగున్నర లక్షలలోపైనచో, ఆ కాలపు వడ్డీని తాను భరించు పథకమును 2009లో కేంద్రప్రభుత్వము పెట్టెను. ఆ గీత దాటిన చిన్న యుద్యోగి యింటికి అది లేదు. భగేలా కాగితములో తండ్రి యప్పు కొడుకునకు వచ్చెడిది. ఈ కాగితములో బిడ్డ యప్పునకు తండ్రియో తల్లియో కూడ సంతకము చేయును, బిడ్డ కట్టలేకపోయినచో బ్యాంకు వారినడుగును. కూతురి పేర అప్పుండిన సంబంధములు తప్పిపోవునని, అప్పు కొడుకు చదువునకే తెచ్చి కూతురిని దగ్గరలోని చిన్నకళాశాలతో సరిపెట్టు ఇండ్లు మన మధ్యనున్నవి. అట్టి యింటిలో ఆ కాగితము ఎవరి పేర వ్రాయబడవలెనన్నది ఇంకను భోజనముల తరువాత మెల్లగ మాటాడుకొను విషయముగనే యున్నది. ఆ మాటలయందు ఆ బాలిక సామాన్యముగ ఉండదు.